'లేదు' అనాల్సిన వయల్

వదినకి ఎక్కించడానికి, వదిన రక్తంలోంచే తీసి తయారుచేసిన మందులో ఒక మగవాడి ఆనవాలు ఉంది.

ల్యాబులో అందరూ భూతద్దం అని పిలిచే ఆమె కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. తెర మీద ఆకుపచ్చ గీత పడగెత్తినట్టు పైకి లేచి ఉంది. ఆడమనిషి నమూనా అయితే ఆ గీత చివరిదాకా నేలకి అంటుకుని పడుకోవాలి.

కిందటి వారం ఆమెని మనం వదిలింది మీటింగు హాల్లో. మొదటి రెండు మోతాదులకీ వదిన పేగులోని గడ్డ కరుగుతూ వచ్చింది. మూడోది ఎక్కించాక తిరగబడింది. చుట్టూ వాపు, మధ్యలో మునుపటికంటే పెద్ద గడ్డ. తప్పు ఎక్కడ జరిగిందని డైరెక్టరమ్మ అడిగినప్పుడు భూతద్దం అందరి ముందూ లేచి నిలబడి ఫ్రీజర్ గది బాబాయ్ వైపు వేలు చూపించింది. "తలుపు సరిగ్గా వెయ్యకపోతే మందు కరిగి పాడవుతుంది. తలుపు చూసుకోవాల్సింది ఈయన." బాబాయ్ మెడలోంచి తాళాల గుత్తి తీసి టేబుల్ మీద పెట్టి, స్వెట్టర్ బొత్తాలు పెట్టుకుంటూ వెళ్లిపోయాడు. బయట ఎండ మండిపోతోంది.

ఇప్పుడు ఈ ఆకుపచ్చ గీత. తలుపు తెరిచి ఉంటే మందు పాడవుతుంది. ఆడది మగది అవదు.

ఆ ల్యాబులో ఆమెని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. తయారైన ప్రతి మందూ ఆమె టేబుల్ దాటాకే వార్డుకి వెళుతుంది. అనుమానించడమే ఆమె ఉద్యోగం. చాటున పెట్టిన పేరు ఎప్పుడో ఎదుటికొచ్చి స్థిరపడిపోయింది. ఆమె కూడా పలుకుతుంది.

ఆ ల్యాబు చేసే పని చెప్పడానికి సులువే. మన ఒంట్లో కాపలా తిరిగే రక్షక కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. నోరు లేదు కాబట్టి పొట్లాలు కట్టి విసురుకుంటాయి. మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆనని ఆ పొట్లాలే ఎక్సోజోములు. పక్క కణం ఆ పొట్లాన్ని మింగి, లోపల ఏ ఆజ్ఞ ఉంటే అలా నడుచుకుంటుంది. మంట పెంచమంటే వాపు వస్తుంది, చల్లార్చమంటే తగ్గుతుంది. అయితే కాన్సర్ గడ్డ ఉన్న ఒంట్లో చాలాకాలం కాపురం చేసిన రక్షక కణానికి బుద్ధి మారుతుంది. ఇంటి కాపలావాడే దొంగకి నిచ్చెన వేసినట్టు, గడ్డకి కావలసిన సరుకే పొట్లాలు కట్టి పంపుతుంది. అందుకే ఈ ల్యాబులో రోగి రక్తంలోంచి ఆ కణాలను తీసి, ఫ్లాస్కుల్లో పెంచి, దారిలో పెట్టి, అవి విసిరే మంచి పొట్లాలను ఏరి మళ్లీ ఆ రోగికే ఎక్కిస్తారు.

రక్తం వచ్చినప్పుడు అది ఎవరిదో చూసేవారు. ఆ తరవాత చివరిదాకా లేబుల్‌నే నమ్మేవారు. ఎవరి రక్తం వాళ్లకే కదా! మూడో మోతాదు వికటించాక భూతద్దం ఈ నమ్మకానికి కూడా ఒక పరీక్ష పెట్టాలనుకుంది. మగవాళ్లలో మాత్రమే ఉండే జన్యువు కోసం వెతికే పరీక్ష. ఏ పరీక్షకైనా ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు 'ఉంది' అనాలి, ఒకరు 'లేదు' అనాలి. 'ఉంది' అనడానికి, ఇవాళే మందు ఎక్కించుకోబోతున్న ఇంకో రోగి, బ్యాంకు తాతగారి వయల్ తీసుకుంది. 'లేదు' అనడానికి వదిన నాలుగో వయల్.

తాతగారిది ఠక్కున 'ఉంది' అంది. పాస్ చేసి డే వార్డుకి పంపేసింది. పరీక్ష బాగా పనిచేస్తోందని మురిసిపోయింది కూడా. తరవాతే చూసింది, వదిన వయల్ కూడా 'ఉంది' అనడం.

ముందు తన చేతులనే అనుమానించింది. కానీ తన చర్మం రాలిపడినా అది ఆడ చర్మమే. ఫ్రీజర్లో మిగిలి ఉన్న పాత మోతాదుల చుక్కలు కూడా తీసి చూసింది. మొదటి రెండూ నోరెత్తలేదు. మూడు, నాలుగు మాత్రం అరిచాయి.

వార్డుకి ఫోన్ చేసింది. "సిస్టర్, మా వదిన మందు ఇవాళ ఆపండి."

"ఆపమంటే ఆపుతాను. ఎందుకని డాక్టరుగారు అడిగితే?"

"భూతద్దం ఆపమందని చెప్పండి."

"అది చాల్లెండి, ఇంక ఎవరూ నోరెత్తరు," అని సిస్టర్ నవ్వింది. ఫోన్ చేతులు మారిన చప్పుడు.

"ఏమే ఆడపడుచా," వదిన గొంతు. లెక్కల టీచరు. మంచం మీద కూడా పరీక్ష పేపర్లు దిద్దుతూనే ఉంటుంది. "నా మందు నువ్వే తాగేశావా ఏం?"

"చిన్న పరీక్ష మిగిలిపోయింది వదినా."

"నీ పరీక్షలకి నా పిల్లల పరీక్షలే నయం, ఎప్పటికో అప్పటికి అయిపోతాయి. సరే, తొందరగా పంపించు. మీ అన్నయ్య చేతివంట కదా, ఎలా ఉన్నా కళ్లు మూసుకుని మింగేస్తా. అన్నట్టు, అతని గొంతు చూశావా? బొంగురు పోయింది. టీ చల్లబెట్టుకుని తాగుతున్నాడు. కాస్త కనిపెట్టి ఉండు, నా బెంగతో చిక్కిపోతున్నాడు."

"అలాగే వదినా."

అన్నయ్య ఆ ల్యాబులోనే కణాలు పెంచే గదికి పెద్ద. కణాలకి తిండి కలిపేది, వేళకి పెట్టేది, తీసేది అతనే. అందరూ వంటమాస్టరు అంటారు. పొద్దున ఆమె టేబుల్ దగ్గరకి వచ్చి, వయల్స్ పెట్టే ర్యాకు వంక చూసి, వెళ్లిపోయాడు. ఆమె పోసిన టీ కప్పులోనే చల్లారిపోయింది.

మధ్యాహ్నానికి ఇంకో పరీక్ష తేలింది. ఈసారి మగా ఆడా అని కాదు, ఎవరు అన్న పరీక్ష. మనిషి మనిషికీ వేరుగా ఉండే జన్యు ముద్ర; అందులో చోటుకి రెండు గీతలు, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. నమూనాలో తన తాలూకు చెత్త ఏమైనా పడిందేమో తెలియడానికి భూతద్దం ఎప్పుడూ తన ముద్రని పక్కన పెట్టుకుని చూస్తుంది. అలవాటు. ఇవాళ కూడా తెర మీద రెండింటినీ పక్కపక్కన పెట్టింది.

వయల్లోది తన ముద్ర కాదు. హమ్మయ్య అనుకుని మూసెయ్యబోయి ఆగింది.

తనది కాదు. కానీ చాలా చోట్ల రెండు గీతల్లో ఒకటి తనదే. కొన్ని చోట్ల రెండూ తనవే. దారిన పోయేవాడితో ఇలా కలవదు. బాబాయ్‌తో కలవదు, తాతగారితో కలవదు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లకి మాత్రమే ఇలా కలుస్తుంది.

ఆమెకి తోడబుట్టినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ ఈ గోడకి అవతల, కణాలకి తిండి కలుపుతున్నాడు.

చుట్టూ ఎవరూ లేకపోయినా తెర మీద చెయ్యి అడ్డం పెట్టింది, ఎవరో గుడ్డలు లేకుండా నిలబడితే కప్పినట్టు.

కారిడార్లో బెంచీ మీద బాబాయ్ కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఒక సంచి. అందులో గిన్నె, చెప్పులు, మడతపెట్టిన ఇంకో స్వెట్టరు. తన సామాను తీసుకుపోవడానికి వచ్చాడు. తప్పించుకు వెళ్లడానికి దారి లేదు.

"బాబాయ్..."

"ఏమ్మా, సంచి వెతుకుతావా? ఐసుముక్క ఒక్కటి కూడా తీసుకెళ్లట్లేదు. కావాలంటే చూసుకో."

"ఆ రోజు నేను అన్నది..."

"నలుగురిలో అన్నావు. నలుగురూ లేనప్పుడు వెనక్కి తీసుకోకు." ఆయన గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. "నేను కుండకి కాపలావాణ్ణి తల్లీ. కుండ నా దగ్గరకి వచ్చేటప్పటికే మూత బిగించి ఉంటుంది. లోపల ఏం వండారో నాకెలా తెలుస్తుంది? అది అడగాల్సింది వంటవాణ్ణి. కానీ వంటవాడు నీ అన్న. నీ భూతద్దం అటు తిరగదు."

ఆమె తల దించుకుంది. "తిరిగింది బాబాయ్. ఇప్పుడే."

బాబాయ్ ఆమె మొహంలోకి చూసి, సంచి మూతి మెల్లిగా ముడేశాడు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడు. "పట్టుకున్నవాళ్లకి మాత్రం ఏం సుఖం ఉంటుందిలే. వెళ్లు."

డే వార్డు అద్దంలోంచి బ్యాంకు తాతగారు కనిపించారు. సిస్టర్ ఆయన మోచేతికి ప్లాస్టర్ అంటిస్తోంది. ఆమెని చూసి ఖాళీగా ఉన్న చెయ్యి ఊపి, ఏదో జోకు వేసినట్టున్నారు, సిస్టర్ నవ్వింది. భూతద్దం కూడా చెయ్యి ఊపింది. ఈయన మందైనా సరిగ్గా ఉందిలే అనుకుంటూ ముందుకి నడిచింది.

కణాలు పెంచే గదిలోకి వెళ్లాలంటే గౌను, టోపీ, మాస్కు, చేతులకి గ్లవ్స్. కళ్లు తప్ప మొహం ఉండదు. అబద్ధం ఆడాలనుకునేవాడికి అంతకంటే మంచి వేషం దొరకదు.

అన్నయ్య, శుద్ధిచేసిన గాలి ఆడే హుడ్ ముందు కూర్చుని, కణాల తిండి అయిన గులాబీ రంగు ద్రవాన్ని పిపెట్ గొట్టంతో పోస్తున్నాడు. చెయ్యి రవ్వంత కూడా వణకలేదు. ఆ చేతిని చూసే ఆమె ఈ చదువులోకి వచ్చింది.

"గ్లవ్స్ మీద స్పిరిట్ కొట్టుకున్నావా?" తల తిప్పకుండా అడిగాడు.

"కొట్టుకున్నాను."

"మళ్లీ కొట్టుకో. నీ చేతులు నాకు తెలుసు. చిన్నప్పుడు బురద చేతులతోనే అన్నం తినేదానివి."

"వదిన వయల్లో నువ్వున్నావు అన్నయ్యా."

పిపెట్ ఆగింది. చివర ఒక చుక్క వేలాడి, పడకుండా అలాగే నిలిచింది.

"నేనా? నేనెందుకుంటాను?" అని నవ్వాడు. బొంగురు నవ్వు, సగంలో దగ్గుగా మారింది. "గ్లవ్ చిరిగి ఉంటుంది. చర్మం పడి ఉంటుంది. నువ్వూ, నీ పరీక్షలూ! దోమని కూడా ఏనుగని చూపిస్తావు."

"చర్మం పడితే నీ గీత సన్నగా, వదిన గీత లావుగా ఉండాలి."

"మరి?"

"వదిన గీత లేదు. ఆ వయల్లో వదిన అసలు లేదన్నయ్యా. అంతా నువ్వే."

అతను పిపెట్‌ని స్టాండులో పెట్టాడు. ఫ్లాస్కు మూత బిగించాడు. కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తీసి, లోపల పెట్టి, వేసి, సరిగ్గా పడిందో లేదో నొక్కి చూశాడు. చేసే పనిని సగంలో వదిలే మనిషి కాదు. అప్పుడు తిరిగి, మాస్కు కిందికి లాగాడు.

ఆ గదిలో మాస్కు తీసినవాళ్లని అతను ఇంతవరకు క్షమించింది లేదు.

మాస్కు కింద మొహం బాగా పీక్కుపోయి ఉంది. గౌను మెడ దగ్గర, కాలరు చాటున చిన్న బ్యాండేజీ. రోజూ పక్క గదిలో ఉంటూ, సీసాల్లోని కణాల అంచుల్ని కూడా వదలకుండా చూసే మనిషికి, ఆ బ్యాండేజీ ఇవాళే కనిపించింది.

"ఏమిటది?"

"కూర్చో చిట్టీ."

"కూర్చోను. ఏమిటది?"

"మూడో బ్యాచ్ పెట్టాక ఒక రోజు నేను ఇక్కడ లేను," అన్నాడు. "ఇంక్యుబేటర్లో గ్యాసు అయిపోతే నా ఫోన్‌లో అలారం మోగుతుంది. మోగింది. నొక్కేశాను. అప్పుడు నేను ఇంకో ఊళ్లో ఆస్పత్రి బల్ల మీద నోరు తెరుచుకుని పడుకోబోతున్నాను. గొంతులోంచి ముక్క తీశారు. మెడ మీద గడ్డలోంచి కూడా."

ఆమె కళ్లు మళ్లీ అతని కాలరు చాటు బ్యాండేజీకే వెళ్లాయి.

"తిరిగొచ్చి తలుపు తీస్తే, ఫ్లాస్కు అడుగున అంటుకుని ఉండాల్సిన కణాలన్నీ పైకి తేలుతున్నాయి. చచ్చిపోయి. మీ వదినవి."

"మళ్లీ రక్తం తియ్యమంటే అయిపోయేదిగా!"

"ఎలా చచ్చాయని అడుగుతారు. ఎక్కడికి పోయావని అడుగుతారు. తను అడుగుతుంది." అతని కళ్లు నేల మీదున్నాయి. "తనకి కాన్సర్ అని తెలిసిన రోజు నేను ఏమన్నానో నీకు గుర్తుందా? నువ్వు పక్కనే ఉన్నావు. 'నీకేం కాదు, మన వంటింట్లోనే మందు వండి తెస్తాను' అన్నాను. అలాంటి మొగుణ్ణి, గ్యాసు చూసుకోలేదని, నాకూ ఏదో వచ్చి దాక్కుంటున్నానని ఏ మొహంతో చెప్పను? తన చేతుల్లో ఇక నరం కూడా దొరకట్లేదు. సూది గుచ్చినప్పుడల్లా నన్ను చూసి నవ్వుతుంది. ఇంకోసారి గుచ్చండి, తప్పు నాదే అనడానికి సిగ్గేసింది. నా చేతికి నేనే గుచ్చుకున్నాను."

"నీ రక్తం ఎక్కించావు."

"రక్షక కణమంటే రక్షక కణమేగా అనుకున్నాను. ఏడు జన్మల బంధమంటారు, ఒక వయల్ మందు ఎంత అనుకున్నాను. నిజం చెప్పమంటావా? నాది తనకంటే గట్టి రక్తమనుకున్నాను. ఇంకా బాగా పనిచేస్తుందనుకున్నాను."

"గడ్డ ఉన్న ఒంట్లోంచి తీసిన కణాలు ఏం పొట్లాలు కడతాయో నాకు నేర్పింది నువ్వు అన్నయ్యా. ఈ హుడ్ ముందే కూర్చోబెట్టి నేర్పావు."

"అప్పటికి రిపోర్టు రాలేదు. మామూలు పుండే అయ్యుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నీలా పరీక్ష పెట్టకుండా నమ్మింది అదొక్కటే." చేతి వెనకవైపుతో మొహం తుడుచుకున్నాడు. "మూడోది ఎక్కించేశాక వచ్చింది రిపోర్టు. నాకున్నది కాన్సరే. నాలుగో వయల్ కూడా అదే రక్తం. దాన్ని జారవిడుద్దామని రోజూ అనుకుంటాను. జారితే ఇంకో వయల్ చెయ్యమంటారు, దానికి రక్తం కావాలంటారు, మళ్లీ మొదటికొస్తుంది. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అని..."

"మీటింగు నాటికి నీకు తెలుసా?"

అతను ఇంక్యుబేటర్ తలుపు ఇంకోసారి నొక్కి చూశాడు.

"నేను బాబాయ్ వైపు వేలు చూపించినప్పుడు నువ్వు నా పక్కనే కూర్చున్నావు. తెలుసా?"

"తెలుసు."

"నోరు తెరవలేదు."

"తెరవలేదు." గొంతు ఇంకా కిందికి దిగింది. "అంతేనా అంటే అంతే కాదు. నువ్వు ఆయన వైపు చూపిస్తుంటే నాకు హాయిగా అనిపించింది చిట్టీ. ఆయన స్వెట్టర్ బొత్తాలు పెట్టుకుంటూ పోతుంటే ఊపిరి తీసుకున్నాను. రాత్రి అన్నం కూడా తిన్నాను."

ఆమె గోడకి ఆనుకుంది. వేలు చూపించిన చెయ్యి తనది. ఆ చెయ్యి గ్లవ్‌లో చెమటతో తడిసిపోయి ఉంది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సిగ్గుపడాలో లెక్క తేలలేదు. లెక్కల టీచరు పైన వార్డులో ఉంది, ఇదేమీ తెలియకుండా పేపర్లు దిద్దుకుంటూ.

చివరికి ఆమే తేరుకుంది. ఏడవడానికి తరవాత టైముంటుంది. "నాలుగోది ఆపించేశాను. వదినకి ఎక్కించరు. ఇప్పుడు ఇద్దరం డైరెక్టరమ్మ దగ్గరకి వెళ్తున్నాం. ముందు కారిడార్లో బాబాయ్ ఉన్నాడు, ఆయన కాళ్లు పట్టుకోవాలి. తరవాత వదిన దగ్గరకి. అక్కడ నేను మాట్లాడను. నువ్వే చెప్పాలి."

"చెప్తాను." తలూపాడు. "అన్నీ ఆపేశావుగా. అంతే చాలు. పొద్దున నేను వచ్చింది అందుకే. ర్యాకు ఖాళీగా ఉంది. రెండూ నువ్వే పక్కన పెట్టేశావనుకుని ప్రాణం కుదుటపడింది."

"రెండూ ఏమిటి? ఇంకోటి బ్యాంకు తాతగారిది. దాంతో ఏ గొడవా లేదు. మగ ఆనవాలు ఉండాలి, ఉంది. నేనే పాస్ చేశాను."

అన్నయ్య మొహంలో మిగిలిన కాస్త రక్తం కూడా దిగిపోయింది. చెయ్యి చాచి హుడ్ అంచు పట్టుకున్నాడు.

"ఏ మగవాడిదో చూశావా?"

ఆమె చూడలేదు. మగవాడు ఉన్నాడో లేడో చూసింది, అంతే. అద్దం వెనక ఊగిన చెయ్యి, నవ్విన సిస్టర్, మోచేతి మీద ప్లాస్టర్, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

"ఆ రోజు గ్యాసు అయిపోయినప్పుడు ఇంక్యుబేటర్లో ఉన్నది మీ వదిన ఫ్లాస్కు ఒక్కటే కాదు," అన్నాడు అన్నయ్య. "పై అరలో తాతగారిది. అవి కూడా చచ్చిపోయాయి. ఒకరికి దొంగతనం చేశాక రెండోవాళ్లకి చెయ్యడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు, అదే సూది, అదే చెయ్యి. నీ పరీక్షలో 'ఉంది' అని సాక్ష్యం చెప్పినవాణ్ణి కూడా నేనే చిట్టీ."